పేదవాడు వదులుకున్న ఆస్తి

ఆస్తిపాస్తుల కన్నా విశ్వాసం గొప్పదని చర్చిలో తరచూ వింటాం. ఆ ప్రసంగంలో ఉదాహరణగా వచ్చేది ఎప్పుడూ ఉన్నవాడే. ఆస్తి వదలలేక దిగులుగా వెనుదిరిగిన యువకుడు వస్తాడు, సగం ఆస్తి బీదలకిచ్చిన జక్కయ్య వస్తాడు. పేదవాడి విశ్వాసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోకం మాట మారుస్తుంది. వాడికి వదులుకోవడానికి ఏముంది, ఏదో దొరుకుతుందని చేరాడు అంటుంది. తరతరాలుగా తెలుగు క్రైస్తవులు మోస్తున్న నింద ఇది. బయటివాళ్లు అన్నారంటే సరే. మనలో చదువుకుని, ఉద్యోగాలొచ్చి, నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లు కూడా తాతముత్తాతల గురించి ఇదే మాట నమ్మడం నాకు బాధగా ఉంటుంది. వాళ్లు ఏం వదులుకున్నారో మనం ఎప్పుడూ లెక్క చూడలేదు.

ఒంగోలు ప్రాంతంలో ఆ లెక్క ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలవుతుంది. తాళ్లకొండపాడు మాదిగపల్లెకు చెందిన తోళ్ల వ్యాపారి. గురువులను వెతుక్కుంటూ యోగమార్గంలో తిరిగినవాడు. క్రీస్తు గురించి విని, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడింది కూడా అదే ఏడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. పేరయ్య ఊరూరా నడిచి తనవాళ్లకు చెప్పాడు. కొత్తగా వచ్చేవాళ్లు పాటించాల్సిన నియమాలు ముఖ్యంగా మూడు: విగ్రహపూజ మానాలి, ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినడం మానాలి.

వినడానికి ఇవి ఆచారాలకు సంబంధించిన చిన్న మార్పుల్లా ఉంటాయి. ఆనాటి మాదిగపల్లెలో ఈ మూడింటి మీదే బతుకు నడిచేది. ఊళ్లో ఎద్దు చస్తే ఈడ్చుకెళ్లాల్సింది వాళ్లే. మాంసం వాళ్లకు వదిలేసేవారు. తోలు ఊనబెట్టి రైతుకు చెప్పులు కుట్టాలి, కపిల బావికి తోలు బాన కుట్టాలి. దానికి ప్రతిఫలంగా పంట నూర్చినప్పుడు కళ్లం దగ్గర మేర కొలిచేవారు. అమ్మవారి జాతరకు డప్పు కొడితే అక్కడా ఓ వాటా ఉండేది. మాంసాన్ని తునకలుగా కోసి దండెం మీద ఎండబెట్టుకుంటే, చేలల్లో పని దొరకని ఎండాకాలం అదే కడుపు నింపేది. అలాంటి ఇంట్లో ఆడమనిషి ఇక ఆ మాంసం తన గడప తొక్కదని అనడమంటే, రాబోయే నెలల తిండిని చేతులారా వదులుకోవడమే.

పోయింది తిండి ఒక్కటే కాదు. జాతరకు డప్పు కొట్టనంటే ఊరికి కోపం వచ్చింది. ఆదివారం పనికి రానంటే మోతుబరికి కోపం వచ్చింది. కరణం, మునసబు వాళ్ల పక్షమే. చాలాచోట్ల నీళ్లు పుట్టకుండా చేశారు, అంగట్లో సరుకు అమ్మలేదు, పనుల్లోకి పిలవలేదు. కళ్లం దగ్గర మేరకు పట్టా ఉండదు, దస్తావేజు ఉండదు. అందుకే ఎవరి లెక్కలోనూ అది ఆస్తిగా రాలేదు. రైతుకు ఎకరాలెంతో మాదిగవాడికి ఆ మేర అంత. అది పోతుందని తెలిసే వాళ్లు మాట ఇచ్చారు.

ఇక కరువు సంగతి. తెలుగువాళ్లు ధాత కరువుగా చెప్పుకునే 1876-78 నాటి కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోయింది. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వకం పెట్టింది. సర్వే పని తెలిసిన క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. గడ్డపార పట్టినవాళ్లు, తట్టలు మోసినవాళ్లు సేద తీర్చుకునే వేళల్లో పక్కన కూర్చుని క్రీస్తు గురించి చెప్పారు. బాప్తిస్మం అడిగినవాళ్లకు కొదవలేదు. కానీ కరువు సాయం అందుతున్నంతకాలం ఎవరికీ ఇవ్వకూడదని క్లౌ నిర్ణయించుకున్నాడు, ఏడాదికి పైగా ఆ నిర్ణయం మీదే నిలిచాడు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదన్నదే ఆయన పట్టుదల.

1878లో సాయం ఆగింది. ఇచ్చేందుకు డబ్బు లేదని క్లౌ ముందే కబురు పంపాడు. అయినా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గరికి జనం తరలివచ్చారు. సాయం కోసం రాలేదన్నారు. కష్టపడి బతికామనడానికి సాక్ష్యంగా చేతుల మీది బొబ్బలు చూపించారు. మళ్లీ పంట పోతే చావు తప్పదు, ఆ చావేదో క్రైస్తవులుగా చస్తామని పట్టుబట్టారని క్లౌ రాసుకున్నాడు. జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. తిండి దొరికిన రోజుల్లో మూసి ఉన్న తలుపు, తిండి ఆగిపోయాక తెరుచుకుంది. అప్పుడు వచ్చినవాళ్లను గంజి కోసం వచ్చారనడం అన్యాయం.

ఇన్ని వేలమంది మనసులూ ఒకేలా ఉన్నాయని నేననను. పిల్లలకు చదువొస్తుందని ఆశపడ్డవాళ్లు ఉన్నారు. ఊరి చివర అవమానాలు పడీపడీ విసిగినవాళ్లు ఉన్నారు. ఇవి నాకు తక్కువ కారణాలుగా కనిపించవు. తలెత్తుకుని మనిషిగా బతకాలన్న కోరికకూ సువార్తకూ మధ్య గోడ కట్టాల్సిన పని లేదు.

స్వతంత్రం వచ్చాక ఈ నష్టం చట్టంలోకే ఎక్కింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లకు దక్కింది బీసీ-సి కింద ఒక్క శాతం. ఈ విషయం పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మతం మారినా వాడ మారలేదు, ఊరి చూపు మారలేదు, హోదా మాత్రం పోయింది. పిల్లల చదువు కోసం కాగితం మీద ఒక మతం, ఇంట్లో ఒక ప్రార్థన మోస్తున్న తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. అన్నమో, ఆత్మసాక్షో తేల్చుకొమ్మని వాళ్ల నెత్తిన పెట్టిన ఆ ఉత్తర్వుదే తప్పు. అయినా ఉన్న మాట ఉన్నట్టు రాయించి, రావలసిన సీటునూ ఉద్యోగాన్నీ పోగొట్టుకున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వాళ్ల గురించి ఏ కూడికలోనూ ఎవరూ మాట్లాడరు.

ఎందుకంటే మన కూడికల్లో ఇప్పుడు వినిపించే సాక్ష్యాలు వేరు. దేవుడు నాకు ఇల్లిచ్చాడు, కారిచ్చాడు, వీసా ఇచ్చాడు. కృతజ్ఞత మంచిదే. కష్టాల్లోంచి వచ్చిన మనిషి ఇల్లు కట్టుకుంటే దేవుణ్ణి తలుచుకోవడంలో తప్పేమీ లేదు. కానీ కానుక ఇస్తే పదింతలై తిరిగొస్తుందని టీవీలో, వేదికల మీద బోధించడం మొదలయ్యాక విశ్వాసం లాభసాటి బేరంగా మారిపోయింది. ఆ బోధ నిజమైతే కాలువగట్టున బొబ్బలెక్కిన చేతులవాళ్లకు విశ్వాసం లేదనాలి. అప్పులపాలైన రైతుకు, జబ్బు మనిషికి ప్రార్థన చాలలేదని చెప్పినట్టవుతుంది. పేదవాణ్ణి లోకం ఒకసారి అవమానిస్తే, ఈ బోధ దేవుడి పేరుతో రెండోసారి అవమానిస్తోంది.

మన పల్లెల్లో దీనికి భిన్నమైన అలవాటొకటి ఉంది, పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం అది చర్చికి వస్తుంది. ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరికి ఒక ముద్ద తగ్గుతుంది, సాధారణంగా ఆ ఇల్లాలికే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, దోర్నకల్ కేంద్రంగా పనిచేసింది ఇలాంటి పేద పల్లెల మధ్యే. పేదలకు పెట్టడమే తప్ప వాళ్ల నుంచి తీసుకోకూడదన్న జాలిని ఆయన ఒప్పుకోలేదు. ఇవ్వడం ప్రతి విశ్వాసి గౌరవమని బోధించాడు, క్రైస్తవ దానం మీద పుస్తకమే రాశాడు. యేసు గుడిలో కూర్చుని కానుకలు చూసినప్పుడు ఆయన కంటికి ఆనింది కూడా రెండు కాసులు వేసిన విధవరాలే. మిగిలినవాళ్లు ఎంత వేశారన్నది కాక, ఆమె చేతిలో ఏం మిగిలిందన్నది చూశాడు.

మనమూ అలాగే చూడడం నేర్చుకోవాలి. వచ్చే ఆదివారం సాక్ష్యాల వేళ పొందినవాళ్లతో పాటు పోగొట్టుకున్నవాళ్లనూ లేపి మాట్లాడించండి. లంచం ముట్టనన్నందుకు బదిలీ అయిన ఉద్యోగి మాట్లాడాలి. కల్తీ సరుకు అమ్మలేక కొట్టు మూసుకున్న వ్యాపారి మాట్లాడాలి. రావలసిన సీటు పోయిన పిల్ల మాట్లాడాలి. ముఖ్యంగా కట్నం వద్దన్న పెళ్లికొడుకు మాట్లాడాలి. పెళ్లి మాటల్లో లక్షల దగ్గర బేరమాడి, ఆ పెళ్లినే చర్చిలో ప్రార్థనతో జరిపిస్తున్న ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. ఏడాది తిండి వదులుకున్న ముత్తాతల మునిమనవళ్లం మనం. పెళ్లిలో కట్నమైనా వదులుకోలేకపోతే, విశ్వాసం ఆస్తి కన్నా గొప్పదని మన పిల్లలకు చెప్పే అర్హత మనకు ఉండదు.