పల్నాటి భక్తియు, చిత్రకారుని కుంచెయు

మహాశివరాత్రినాడు కోటప్పకొండ దిగువను నిలిచి చూచినవారికి పల్నాటి భక్తి యెట్టిదో వేరుగ జెప్ప నక్కరలేదు. నరసరావుపేట, చిలకలూరిపేట పరిసర గ్రామములనుండి వచ్చు ప్రభలు, వానిలో కొన్ని 80, 90 అడుగుల యెత్తు గలవి, వెదుళ్లతోను, రంగుగుడ్డలతోను, విద్యుద్దీపములతోను రాత్రిని పగలు గావించును. ఒకప్పుడు వానిని ఎడ్లే లాగెడివి. ఇప్పుడు ట్రాక్టరులును లాగుచున్నవి. ఒక్కొక్క ప్రభకు రైతులు వెచ్చించు ధనము స్వల్పము గాదు. దానిని మేము తప్పు పట్టుట లేదు. ఊరంతయు గూడి చేయు పని యేటికొకటియైన నుండుట మేలే. మేము చెప్పదలచినది ఆ ప్రభలపై నుండు బొమ్మలను గూర్చి.

ఆ బొమ్మలలోని శివపార్వతులు ఎవరి యూహలోనివారు? 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పి దేవతల వర్ణపటములను వేలకొలది అచ్చొత్తించెను. గుడి గడప దాటనీయబడని వారి యింటికి సైతము లక్ష్మీసరస్వతులు గోడపటములై నడచివచ్చిరి. ఇది సామాన్యమైన యుపకారము గాదు. కాని దానితోడనే దేవునికొక ముఖము స్థిరపడిపోయినది. అది నాటకరంగముపై దీపకాంతిలో నిలిచిన రాజవేషధారి ముఖము. పిమ్మట వచ్చిన క్యాలెండరులు దానినే మరింత నునుపు చేసినవి. నేటి బాలుడు కన్నులు మూసికొని శివుని దలచినచో అతనికి గోచరించునది ఆ యచ్చుబొమ్మయే.

ఆంధ్రదేశమున దీనికి వేరొక త్రోవ ద్రొక్కినవారు లేకపోలేదు. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రలేఖనము నేర్పినవాడు వంగదేశీయుడగు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు. ఆయన కైలాస మానససరోవరముల యాత్ర చేసి, సాధువులతోను తాంత్రికులతోను దిరిగి, ఆ యనుభవములను వంగభాషలో గ్రంథములుగా వ్రాసినవాడు. అట్టి గురువునొద్ద నేర్చినవారికి దేవుని నగలకంటె తపస్వి నిశ్చలత ముఖ్యమగుట వింతగాదు. ఆయన శిష్యులలో నొకడు అడివి బాపిరాజు (1895–1952). ఆయన ‘అడివి శాంతిశ్రీ’ నవలలోని విజయపురి మన మాచర్ల చెంతనున్న నాగార్జునకొండ లోయయే. నేడది జలాశయము క్రింద నున్నది. నవలాకారునిగా ఆయన నెరుగని తెలుగు పాఠకుడుండడు. చిత్రకారునిగా నెరిగినవారెందరు?

బాపిరాజు వ్రాసిన చిత్రములలో నొకదాని పేరు ‘శబ్దబ్రహ్మ’. ఆ పేరే యొక సాహసము. సృష్టికి మూలము నాదమని మన పెద్దలు చెప్పిరి. చెవికి సైతము పూర్తిగ నందని దానిని కంటికి జూపుట యెట్లు? అచ్చుబొమ్మల చిత్రకారుడు ఈ ప్రశ్న వేసికొననే వేసికొనడు. అతనికి దేవుడనగా నాలుగు చేతులు, ఒక కిరీటము. బాపిరాజు వేసికొనెను. ఆ పటము డెన్మార్కు ప్రదర్శనశాలకు చేరెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. పరదేశమువారు భద్రపరచుకొన్న దానికి మంచి ప్రతి యొకటి గుంటూరుసీమ వారి కంటబడకుండుట మనకు గౌరవకరము గాదు.

ఇట్టి చిత్రములు పామరులకు తెలియవనియు, చూచిన తోడనే చేతులు జోడింపవలసిన బొమ్మలే మన రైతులకు జాలుననియు కొందరు పెద్దలందురు. మేము అంగీకరింపము. కోటప్పకొండ కథ వారెరుగనిదా? గొల్లభామయగు ఆనందవల్లి వెంట వచ్చెదనని శివుడు మాటయిచ్చి, వెనుదిరిగి చూడవలదనెను. ఆమె కొండ దిగుచు నడుమ వెనుదిరిగి చూచెను. స్వామి అచటనే నిలిచిపోయెను. కన్ను తొందరపడినచో దేవుడు ముందుకు రాడని పల్నాటి గొల్లపిల్లకథ యేనాడో చెప్పినది! ఆ కొండపైని స్వామి దక్షిణామూర్తి. మౌనమే ఆయన బోధ. ఆయనకు కల్యాణోత్సవము లేదు. ఇక కారంపూడి సంగతి చూడుడు. కార్తీకమాసాంతమున అయిదు దినములు జరుగు వీరుల యుత్సవములో జనులు మ్రొక్కునది వీరుల ముఖములకు గాదు, వారి యాయుధములకు. పోలిక లేనిదే భక్తి నిలువదను మాట పల్నాటివారి యెడల జెల్లదు.

బాపిరాజు మిత్రుడును, 1925లో ఇరువదియెనిమిదవ యేటనే మృతినొందినవాడును అగు దామెర్ల రామారావు చిత్రములకు రాజమహేంద్రవరమున నొక చిత్రశాల యున్నది. అచటి పిల్లలు బడినుండి వెళ్లి చూడవచ్చును. నరసరావుపేట 2022 ఏప్రిలులో జిల్లా ముఖ్యపట్టణమైనది. కచేరీలకు, బంగళాలకు స్థలము దొరకినచోట చిత్రములకు నొక గది దొరకదా? ప్రభుత్వము పూనుకొనువరకు వేచియుండవలసిన పనియు లేదు. ప్రభలు కట్టు గ్రామసంఘములు ఒక్క యేడు తమ వ్యయములో కొంతభాగము వేరుచేసి, బాపిరాజు, రామారావు, ప్రమోదకుమారుల చిత్రములకు అనుమతి బొంది మంచి ప్రతులు తీయించి, కొండ దిగువను యాత్రికులు విశ్రమించు పందిళ్లలో శివరాత్రినాడు గట్టింపవచ్చును. ప్రతి చిత్రము క్రింద చిత్రకారుని పేరు, ఊరు పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. ప్రభలు వచ్చువరకు పందిళ్లలో గడపు జనమునకు చూచుటకు కావలసినంత తీరిక యుండును.