ఉలి ఎరిగిన తెలుగు

శ్రీముఖలింగానికి విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లే ఉపాధ్యాయులు రాజుల పేర్లు చెబుతారు. తూర్పు గాంగుల వైభవం, మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాలు, వంశధార ఒడ్డున వెలసిన కళింగనగరం, అన్నీ వరుసగా చెబుతారు. చెప్పవలసినవే. కాని ఆ రాయి చెక్కినవాని ఊసెత్తేవారు అరుదు. పేరు తెలియనివాని గురించి చెప్పడానికేమున్నదని ఒక మిత్రుడు నన్నడిగాడు. పేరు తెలియకపోతే పని కూడ తెలియకుండా పోతుందా?

మన తూర్పు కనుమలలో విస్తారంగా దొరికే ఒక రాతికి 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఖోండుల పేరు మీద ఖోండలైటు అని నామకరణం చేశాడు. కోణార్క దేవాలయంలో కనబడేదీ ఈ జాతి రాయే. ఉలికి లొంగుతుంది; వానకూ ఉప్పుగాలికీ కూడ అంతే తేలికగా లొంగుతుంది. కనుక ఏ బండ నిలుస్తుందో, ఏది పొరలెత్తి రాలిపోతుందో ముందే గుర్తుపట్టగలవాడే రాతిపనివాడు. సుత్తితో తట్టి చెవి ఒగ్గుతాడు. ఖంగుమంటే రాయి గట్టిది. బొద్దుగా పలికితే లోపల బీట ఉన్నది. శిల్పశాస్త్రాలు ధ్వనిని బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించాయి. ఆ శ్లోకాలు వ్రాసిన పండితుని చెవికి ముందు ఏ పనివాని చెవి ఆ భేదం పట్టిందో ఊహించడం కష్టం కాదు. వాకర్ రాకపూర్వం కూడ ఆ రాతిని మన కొండలలో ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు గదా! ఆ పేరు మన పిల్లలకు చెప్పే పాఠం ఏది?

ఉలి, శానం, సమ్మెట, తూకపు గుండు, మూలమట్టం, తాపీ: ఇవి పనిముట్ల పేర్లే కాదు, తెలుగు మాటలు కూడ. (తాపీ ధర్మారావు గారి ఇంటిపేరులో ఉన్నదీ ఆ తాపీయే.) 1713లో విజయనగరం కోట కట్టిననాడు సిమెంటు లేదు, గానుగలో నూరిన సున్నమే ఉన్నది. ఇప్పుడు సామాన్యుల ఇళ్లలో రాయి పునాదిలోకి దిగిపోయింది, గానుగ ఆగిపోయింది. వాటితో ఎన్ని మాటలు ఆగిపోయాయో! ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వాన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయంపై వెలువరించింది. పిదప గృహనిర్మాణానికీ ఒక సంపుటం వచ్చింది. మేలైన పనే, కాని జిల్లాకూ జిల్లాకూ మాట మారే దేశంలో అంతటితో సరిపెట్టుకొనరాదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులు. శాసనాలు చదవడం తామే నేర్చుకొని, ముఖలింగమే కళింగనగరమని చెప్పినవారు. సవరల భాష వారి నోటనే విని నేర్చి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. విశ్వవిద్యాలయం పనుపున బయలుదేరినవారు కారు. ఈనాటి మన ఉపాధ్యాయులు విద్యార్థుల చేత ఊరి మేస్త్రీని అడిగించి, అతని నోటి మాటలు ఒక నోటుపుస్తకంలో వ్రాయించలేరా?

అయితే మాటల కోసం పోయి మనిషిని చూడకుండా తిరిగి రావడం తగదు. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు దేశాంతరాలకు పోయి మెరుస్తున్నది. సిలికా ఉన్న రాతిని యంత్రంతో పొడిగా కోస్తే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ తెస్తుంది. ఆ వ్యాధిని పూర్తిగా నయంచేసే మందు లేదు. నీరు చల్లుతూ కోస్తే ధూళి చాలవరకు అణగుతుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996లోనే శాసనం వచ్చింది. 18 నుండి 60 ఏళ్లలోపువారు, గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే పేరు నమోదు చేసుకొనవచ్చును. ఆ దరఖాస్తు ఎట్లా నింపాలో తెలియని మేస్త్రీలున్నారు. వారి పిల్లలు మన తరగతులలోనే కూర్చుంటున్నారు.