తొలి గంటకు మనమే బాధ్యులం

రహదారిపై ఒక మనిషి నెత్తుటి మడుగులో పడివుంటాడు. చుట్టూ జనం గుమిగూడుతారు. ఒక యువకుడు ముందుకు అడుగు వేయబోతే, పక్కవాడు చొక్కా పట్టి వెనక్కు లాగుతాడు: 'పోలీసు కేసవుతుంది, మనకెందుకు?' అతణ్ణి నిర్దయుడని నిందించలేము. పేరు చెప్పగానే ఎదుటివారి ప్రశ్నల ధోరణి మారిపోవడం మన పేటల యువకులలో అనేకుల అనుభవం. ఆ భయానికి కారణాలున్నాయి. అయితే దానికి మూల్యం మరొకరి ప్రాణం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. తీవ్రంగా గాయపడిన వారికి తొలి గంట అత్యంత విలువైనది. ధారగా కారే రక్తం ఆగకపోతే కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోవచ్చు. అంబులెన్సు చేరేలోగా ఆ నిమిషాలు పక్కనున్న వారి చేతులలోనే ఉంటాయి.

ఆ చేతులకు చట్టం అండగా ఉన్నది. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాల స్ఫూర్తితో 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ చేరింది. సద్భావంతో క్షతగాత్రునికి సాయపడిన వారిపై సివిల్, క్రిమినల్ చర్యలేవీ ఉండరాదని అది శాసించింది. 2020 నాటి నిబంధనలు ఇంకా స్పష్టంగా చెప్పాయి: సాయపడినవారు పేరు, చిరునామా, ఫోను నంబరు చెప్పాలని పోలీసులు బలవంతం చేయరాదు, మతం, జాతీయత, కులం, లింగం ఆధారంగా వివక్ష చూపక వారిని గౌరవించాలి. ఈ హక్కుల పట్టికను ప్రతి ఆసుపత్రి తన ప్రవేశద్వారం వద్ద స్థానిక భాషలోనూ ప్రదర్శించాలి. మన ఊరి ఆసుపత్రిలో అది ఉన్నదా? లేకుంటే అడగడం మన హక్కు.

ఖర్చు భయమూ ఒకటున్నది. పోలీసు లాంఛనాల కోసం వైద్యం ఆపరాదని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025లో ప్రకటించిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు నగదురహిత చికిత్స అందాలి.

హక్కుతోపాటు నేర్పూ కావాలి. వెంటనే 108కు ఫోను చేయాలి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేయి తీయకుండా ఉంచాలి. గుచ్చుకున్న వస్తువును పెరికివేయరాదు. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానముంటే, అక్కడే ఉంటే ప్రమాదమైతే తప్ప, కదిలించరాదు. నీళ్లు తాగించరాదు. అంబులెన్సు దారి వెతుక్కోకుండా సందు మొగలో ఒకరు నిలబడాలి.

మస్జిదు కమిటీలు, యువజన సంఘాలు వైద్యులను పిలిపించి ఒక పూట శిక్షణ ఇప్పించడం కష్టమేమీ కాదు. స్త్రీలకూ ఆ శిక్షణ అందాలి. కాలిన గాయాలు, మేడమీదినుంచి పడడాలు ఇళ్లలోనే జరుగుతాయి. ప్రభుత్వాలు కూడా తమ వంతు నెరవేర్చాలి. ఇరుకు సందులున్న మన బస్తీలకు చేరువలో 108 వాహనాలను నిలపాలి. సాయపడిన వారిని వేధించే పోలీసులపై చర్య తీసుకోవాలి. ఈ రెండు కోర్కెలతో ప్రజాప్రతినిధులను కలవవలసిందిగా పాఠకులను కోరుతున్నాము.

నేలకొరిగిన వాని పేరేమిటో, మతమేమిటో నెత్తురు చెప్పదు. అతని పక్కన మోకాళ్లపై కూర్చునే తొలి మనిషి మన పేటవాడే కావాలని, అందుకు అతడు భయపడవలసిన స్థితి ఉండరాదని మేము ఆశిస్తున్నాము.