సభాకంపం

మాట్లాడే శక్తి మానవునికి ప్రకృతి ప్రసాదించిన వరం. అయితే ఇంటిలో, అరుగు మీద, సంతలో, బస్సులో అనర్గళంగా మాట్లాడే మనిషి కూడా నలుగురి ముందు లేచి నిలబడవలసి వచ్చినప్పుడు తడబడతాడు. గొంతు తడారిపోతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. చేతిలోని కాగితం వణుకుతుంది. ముందు రోజు రాత్రి వల్లె వేసిన వాక్యాలు ఒక్కటీ గుర్తుకు రావు. దీనినే సభాకంపం అంటారు. చదువుకునే రోజుల్లో ఇది చిన్న ఇబ్బందిగానే కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన తరువాత అదే పెద్ద అవరోధమవుతుంది. పని బాగా తెలిసి కూడా నలుగురికీ వివరించలేక వెనుకబడిపోయినవారు ప్రతి కార్యాలయంలోనూ కనిపిస్తారు. ఈ లోపం వల్ల నష్టపోయేది వారొక్కరే అయితే అది వారి సొంత విషయమని ఊరుకోవచ్చు. కాని, చెప్పవలసినవారు చెప్పకపోతే వినవలసినవారు కూడా నష్టపోతారు.

పల్నాడు ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. మిరప, పత్తి ఇక్కడి రైతుకు ప్రాణాధారమైన పంటలు. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటలను ముంచెత్తింది. అది పూతలో చేరి రసం పీల్చడంతో పూత రాలిపోయి కాయ నిలవలేదు. ఎందరో రైతులు ఒక మందు తరువాత మరొక మందు కొట్టి, అప్పులపాలై, చివరకు తోటలనే పీకివేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ ప్రారంభమైనప్పటి నుండి లక్షకు పైగా యువతీ యువకులు ప్రజల ముందు నిలబడి మాట్లాడవలసిన ఉద్యోగాలలో చేరారు. అటువంటి ఉద్యోగాలలో ఉద్యానవన సహాయకుల ఉద్యోగం ఒకటి. ఇరవై రెండేళ్ళ యువతి ఒకామె ఆ ఉద్యోగంలో చేరి, మాచర్ల సమీపంలోని ఒక గ్రామంలో రచ్చబండ దగ్గర రైతుల ఎదుట నిలబడిందని ఊహించండి. నీలిరంగు జిగురు అట్టలు పొలంలో పెట్టాలనీ, వేపనూనె వాడాలనీ, విచక్షణ లేకుండా రసాయన మందులు చల్లితే మేలు చేసే కీటకాలు చచ్చి పురుగు మరింత విజృంభిస్తుందనీ ఆమెకు తెలుసు. “ఏమ్మా, ఏ మందు కొట్టమంటావు?” అని తండ్రి వయసున్న రైతు ఒకాయన అడుగుతాడు. ఆమెకు నోరు పెగలదు. రైతు కాసేపు చూసి, లేచి, మందుల దుకాణానికి వెళతాడు. ఆమె మౌనానికి మూల్యం చెల్లించేది ఆ రైతే!

కాబట్టి సభాకంపాన్ని జయించడం వ్యక్తిత్వ వికాసానికి పనికివచ్చే అలంకారం మాత్రమే కాదు; అది ఉద్యోగధర్మంలో భాగం. అయితే దానిని జయించాలంటే ముందుగా దాని స్వరూపం తెలుసుకోవాలి.

అపాయం ఎదురైనప్పుడు శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె వేగం పెరగడం, కండరాలు బిగియడం, చెమట పట్టడం దాని ఫలితాలే. పులి ఎదురైనా, సభ ఎదురైనా శరీరం చేసే సన్నాహం ఒక్కటే. పరుగుపందెం ప్రారంభానికి ముందు క్రీడాకారునిలో కలిగే సంచలనం కూడా ఇటువంటిదే. కనుక ఇది వ్యాధి కాదు, పిరికితనం అంతకంటే కాదు. మాట్లాడేవారిని బాధించే మరొక అపోహ కూడా ఉన్నది. తనలోని వణుకు అందరికీ కనబడుతున్నదని వక్త భావిస్తాడు. కెన్నెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వక్తలు తమ ఆందోళన శ్రోతలకు ఎంతగా తెలిసిపోతున్నదని అనుకుంటారో నిజానికి అంతగా తెలియదని తేలింది. ఈ సంగతిని ముందుగా తెలుసుకున్న వక్తలు మరింత బాగా మాట్లాడగలిగారు కూడా. అంటే భయాన్ని గురించిన భయమే సగం భయమన్నమాట.

మాట నేర్పు పుట్టుకతో రావాలే తప్ప నేర్చుకుంటే వచ్చేది కాదని కొందరు వాదిస్తారు. ఈ వాదానికి మహాత్మాగాంధీ జీవితమే సమాధానం. లండన్‌లో న్యాయశాస్త్రం చదివే రోజుల్లో ఆయన అక్కడి శాకాహార సంఘం కార్యవర్గ సభ్యుడు. అయినా సమావేశాలలో నోరు విప్పలేకపోయేవాడు. ఒకసారి తన అభిప్రాయాన్ని కాగితం మీద రాసుకొని వెళ్ళినా దానిని చదివే ధైర్యం చాలకపోగా, అధ్యక్షుడు మరొకరిచేత చదివించవలసి వచ్చింది. స్వదేశానికి తిరిగివచ్చి బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు చేపట్టినప్పుడు, సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడిన ఆయనకు తల తిరిగినట్లయి ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. కూర్చుండిపోయి, తీసుకున్న రుసుమును తిరిగి ఇచ్చి, మరొక న్యాయవాదిని పెట్టుకొమ్మని చెప్పి బయటపడ్డాడు. అదే యువకుడు 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో భారతీయ వర్తకులను సమావేశపరచి, వ్యాపారంలో సత్యసంధత అనే విషయంపై ప్రసంగించాడు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం ఇదేనని చెప్పవచ్చునని ఆయన తన ఆత్మకథలో పేర్కొన్నాడు.

బొంబాయికీ ప్రిటోరియాకూ మధ్య గడిచిన కాలం రెండేళ్ళకు మించదు. ఇంతలో వచ్చిన మార్పు ఏమిటి? న్యాయస్థానంలో నిలబడినప్పుడు ఆయన మనసు తన మీదనే ఉన్నది. ప్రిటోరియాకు చేరేనాటికి రైలు నుండి గెంటివేయబడిన అవమానం ఆయనకు అనుభవమయింది. తోటి భారతీయుల దుస్థితి కళ్ళారా చూశాడు. ఇప్పుడు చెప్పవలసిన విషయం ఉన్నది, దానిని వినవలసిన మనుషులు ఉన్నారు. విషయాన్ని ముందుగా చక్కగా సిద్ధం చేసుకున్నాడు కూడా. ‘నేను ఎలా కనబడుతున్నాను?’ అనే ప్రశ్న పోయి, ‘వీరికి ఏమి చెప్పాలి?’ అనే ప్రశ్న వచ్చినప్పుడు సభాకంపం తగ్గుముఖం పడుతుంది. రచ్చబండ దగ్గర నిలబడిన ఉద్యోగినికి కూడా ఇదే మార్గం. ఆమె తన చీరకట్టునూ గొంతు వణుకునూ గమనించుకోవడం మాని, ఎదుట కూర్చున్న రైతు తోటను తలచుకుంటే మాట దానంతట అదే వస్తుంది.

అయితే భయమంతా వక్తలోనే పుడుతుందనుకోవడం సరికాదు. కొన్నిసార్లు సభే భయాన్ని పుట్టిస్తుంది. దీనికి నవయుగ కవిచక్రవర్తి గుర్రం జాషువ జీవితం నిదర్శనం. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. ఆ ఊరిలోనే జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివినందుకు, తక్కువ కులంవాడిని సభలోకి ఎందుకు రానిచ్చారంటూ కొందరు ఆయనను అవమానించారు. అటువంటి గాయం తగిలినవారు జీవితంలో మరల సభ ముఖం చూడకపోయినా తప్పుపట్టలేము. జాషువ అలా చేయలేదు. 1915-16 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు వాచకుడిగా ఉద్యోగం చేశారు. తెర మీద బొమ్మలు కదులుతుండగా కథనూ సంభాషణలనూ ప్రేక్షకులకు చదివి వినిపించడం ఆ ఉద్యోగం. పొట్టకూటి కోసం చేసిన ఆ పని రోజూ వందలాది మందికి గొంతు వినిపించే అవకాశాన్ని ఇచ్చింది. తరువాత ఆయన ఉపాధ్యాయుడయ్యారు. మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమాల నిర్మాతగా పనిచేశారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ పురస్కారం పొందారు. ఆయన రచించిన ‘గబ్బిలం’ కావ్యంలో ఆలయ ప్రవేశం లేని నిరుపేద తన గోడును శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనుషుల సభలో చోటు దొరకనివాడు చివరకు ఒక గబ్బిలానికి మొరపెట్టుకోవలసి వచ్చిందన్నమాట! ఎవరైనా సభలో మాట్లాడలేకపోతున్నారంటే, వారిని మాట్లాడనీయకుండా చేసినది ఏమిటని కూడా సమాజం ప్రశ్నించుకోవాలి.

సాధన ఎలా చేయాలనే విషయంలో పల్నాటి జానపద కళలు ఎంతో నేర్పుతాయి. కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్య మొదలుకొని అయిదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవాలలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథను గానం చేస్తారు. పుస్తకం చూడకుండానే అంత సుదీర్ఘమైన కథను వారు జనసమూహం ఎదుట నడిపిస్తారు. పదం పదం బట్టీపట్టిన ఉపన్యాసం ఒక్క మాట మరచిపోతే కుప్పకూలుతుంది. కథాక్రమం మనసుకు పట్టినవాడు ఒక మాట జారినా మరొక మాటతో ముందుకు సాగుతాడు. ‘పల్నాటి యుద్ధం’ బుర్రకథతో ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రకథలో కథకుడు ఒంటరివాడు కాదు. ఇరుపక్కలా వంతలు నిలబడి ఊకొడతారు, ప్రశ్నిస్తారు, హాస్యం పండిస్తారు. కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధిని ఇస్తారు. కార్యాలయంలో మొదటిసారి ప్రసంగించేవారు కూడా సభలో ఒక స్నేహితుణ్ణి వంతగా ఏర్పాటు చేసుకోవచ్చు. తెలిసిన ముఖం ఒకటి ఎదురుగా ఉండి తల ఊపుతుంటే కొండంత ధైర్యం కలుగుతుంది.

ఈ అనుభవాల నుండి కొన్ని సూత్రాలు గ్రహించవచ్చు. మొదట చెప్పవలసిన విషయాన్ని మూడు నాలుగు అంశాలుగా విభజించుకోవాలి. మొదటి రెండు వాక్యాలను మాత్రం బాగా స్థిరపరచుకోవాలి. ఎందుకంటే వణుకు ఎక్కువగా ఉండేది ఆ మొదటి నిమిషంలోనే. ముందుగా ఇద్దరి ఎదుట, తరువాత పదిమంది ఎదుట, ఆ తరువాత సభలో మాట్లాడే అలవాటు చేసుకోవాలి. వేదిక ఎక్కగానే తొందరపడక, నిదానంగా ఊపిరి తీసుకొని, శ్రోతలను ఒకసారి చూసి ప్రారంభించాలి. ఇంటి యాసను దాచుకోవడానికి ప్రయాసపడనక్కరలేదు. గురజాల రైతుకు గురజాల మాటే సూటిగా తగులుతుంది. తెలియని ప్రశ్న ఎదురైతే తెలుసుకొని చెబుతానని నిజాయితీగా అంగీకరించాలి. అందువల్ల గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

“పనే మాట్లాడుతుంది, మనిషి మాట్లాడనక్కరలేదు” అని కొందరు ఉద్యోగులు తమ మౌనాన్ని సమర్థించుకుంటారు. పని గొప్పదే. కాని జిగురు అట్ట తనను ఎందుకు పెట్టాలో తాను చెప్పలేదు. కర్మాగారంలోని యంత్రం తన వల్ల కలగబోయే ప్రమాదాన్ని తాను వివరించలేదు. తెలిసిన మనిషే చెప్పాలి. అలాగని అతిగా మాట్లాడమని అర్థం కాదు. తన బిడియం తనకు మితభాషణను నేర్పిందని గాంధీజీ తరువాతి కాలంలో సంతోషించాడు. భయపడిన అనుభవం ఉన్నవాడు మాటను వృథా చేయడు.

శ్రోతల బాధ్యత కూడా తక్కువది కాదు. తడబడిన వక్తను చూసి నవ్వడం సులభం. తరగతిలో తోటి విద్యార్థి మాట మరచిపోయినప్పుడు వెనుక బల్లల నుండి వినిపించే నవ్వు కొన్నిసార్లు ఒక గొంతును జీవితాంతం మూయిస్తుంది. పల్లె నుండి వచ్చినవారు, ఆడపిల్లలు, తమ ఇంట మొదటిసారిగా కళాశాల మెట్లెక్కినవారు ఆ నవ్వుకు ముందుగా బలవుతారు. కులభేదం పాటించకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుని కథ పల్నాటి సీమలో ఇప్పటికీ వినిపిస్తుంది. కూడు విషయంలో పాటించిన ఆ సమభావాన్ని మాట విషయంలోనూ పాటించాలి. ఈనాడు తరగతి గదిలో తోటివారి తడబాటును ఓపికగా విన్న విద్యార్థులు రేపు తాము లేచి నిలబడినప్పుడు అటువంటి ఓపికకు అర్హులవుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దల మాట. ఆ నోరు ధైర్యంగా తెరుచుకోవాలంటే ఊరు కూడా మంచిది కావాలి.