మునకకు ముందు

సముద్రగర్భంలోనికి దిగే ఈతగాండ్రకు ఒక విచారం పరిపాటి. అపురూపమైన చేప ఎదుట మెదలినపుడు చేతిలోని కెమెరా సిద్ధంగా ఉండదు. కెమెరా సిద్ధమయ్యేసరికి చేప ఉండదు. ఒక్కొక్కప్పుడు కటకానికి ఆవిరి పట్టుతుంది. ఒక్కొక్కప్పుడు వీపున మోసుకుపోయిన తొట్టిలో గాలి తరిగి పైకి రాక తప్పదు. ఫిల్ము వాడిన రోజులలో చుట్టకు 36 బొమ్మలే; నీటి అడుగున చుట్ట మార్చే వీలు లేదు. ఆఖరి బొమ్మ తీసిన తరువాతనే అసలైన వింత ఎదురైనదని చెప్పుకొనడం వారికి సగం బాధ, సగం వేడుక.

నీటిలో బొమ్మ తీయడమే ఒక తపస్సు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ బూతాఁ 1893లో బాన్యూల్స్ తీరాన తన సోదరుని సహాయంతో నీటిలో ఛాయాచిత్రం తీసి మార్గదర్శకుడైనాడు. కూస్తో, గాన్యాఁ అనే వారు 1943లో గాలితొట్టితో స్వేచ్ఛగా ఈదే సాధనాన్ని రూపొందించినారు. సాధనాలు పెరిగినవి గాని నీటి స్వభావం మారలేదు. వెలుగులోని రంగులలో ఎరుపును నీరు ముందుగా మింగుతుంది. పది మీటర్ల లోతున కుంకుమబొట్టు నల్లని మచ్చగా కనబడుతుంది. దీపం వెలిగించి చూతమా అంటే, నీటిలోని ఒండ్రు రేణువులు ఆ వెలుగును తిప్పికొట్టి బొమ్మనిండా సున్నపు చుక్కలు చల్లుతవి.

ఎండిన వాగులకు, ఎర్రని రాళ్ళకు పేరుపడిన కర్నూలు, కడప సీమలవారికి ఈ ముచ్చట ఎందుకని పాఠకులు అడుగవచ్చును. నీటికి మొగం వాచిన ఈ సీమలోనే ఊళ్ళకు ఊళ్ళు నీట మునిగి ఉన్నవి గనుక.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినారు. జలాశయం నిండే వేళకు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూరు గ్రామాలకు పైగా ఖాళీ అయినవి. 1981లో ఇండ్లు కూల్చినారు. జనం దూలాలు, తలుపులు, కిటికీలు ఊడదీసుకుని బండ్లకెత్తుకున్నారు. అటుపిమ్మట నీరు వచ్చినది. నిండు జలాశయపు మట్టం 885 అడుగులు. ఈ అంకె ప్రతి వర్షాకాలం పత్రికలలో కనబడుతుంది. దాని క్రింద ఉన్న ఊళ్ళ పేర్లు మాత్రం కనబడవు.

గుళ్ళ సంగతి వేరు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలిపినారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు మీదికి తరలినది. అంతకుముందు నాగార్జునకొండలో 1954 మొదలు 1960 వరకు తవ్వకాలు సాగించి, మూడవ, నాలుగవ శతాబ్దాల ఇక్ష్వాకుల పట్టణాన్ని కొలిచి, చిత్రించి, ఫోటోలు తీసి, ఆ తరువాత నీటికి అప్పగించినారు. ఈ పనులన్నీ మెచ్చదగినవే. కాని ఇక్ష్వాకుల వీధికి దక్కిన గౌరవంలో పదోవంతైనా, మొన్నటిదాకా పొయ్యి వెలిగిన ఇంటికి దక్కలేదు. ప్రాచీనమైనదే చరిత్ర అనే భ్రమ చదువుకున్నవారికి కొంచెం ఎక్కువ.

ఆనాటి పల్లెలలో కెమెరా లేకపోవడం నిజమే. ఫోటో కావలెనంటే నందికొట్కూరికో కర్నూలుకో పోవలెను. స్టూడియోలో వెనుక ఒక తెర ఉండేది. దాని మీద మేడమెట్లో పూలతోటో చిత్రించి ఉండేది. ఇంటిల్లిపాది ఆ తెర ముందు బిగుసుకుని నిలబడినారు. అందువలన ఆ కుటుంబాల ఫోటోలలో మనుషులు మిగిలినారు, ఇల్లు మిగులలేదు. తమది కాని మేడ మిగిలినది, తమదైన మిద్దె మిగులలేదు!

ఈతగాడు నేడు కృష్ణలో దిగి ఆ లోటు తీర్చగలడా? తీర్చలేడు. వరదనీటిలో ఒండ్రు చేత చేయి చాచితే వ్రేళ్ళు కనబడవు. నీరు తేరిన వేసవిలో దిగినా చూడడానికి ఏమున్నది? ఈ సీమ పల్లె ఇల్లు మట్టిమిద్దె. గోడ మట్టి, కప్పు మట్టి. రాతిగుడి నీటిలో నిలుస్తుంది. మట్టిమిద్దె నీటిలో కరిగి తిరిగి మట్టి అవుతుంది. సముద్రపు చేప ఇంకొకరోజున ఇంకొక ఈతగానికి ఎదురుపడవచ్చును. కరిగిన ఇల్లు ఎవరికీ ఎదురుపడదు.

నేడు నంద్యాల జిల్లాలో చేరిన సప్తనదీ సంగమేశ్వరం ఇందుకు సాక్షి. ధర్మరాజు ప్రతిష్ఠగా స్థలపురాణం చెప్పే వేపమొద్దు లింగం అక్కడ ఉన్నది. ఏటిలో అధికభాగం ఆ గుడి జలాశయపు అడుగునే. వేసవిలో నీరు తగ్గినపుడు ముందు శిఖరం, తరువాత గోడలు, ఆ తరువాత గర్భగుడి బయటపడుతవి. యాత్రికులు తండోపతండాలుగా వచ్చి శిఖరం ముందు నిలిచి ఫోటోలు దిగుతారు. గుడి పక్కన బయటపడిన పునాదుల వరుస వైపు ఎంతమంది కెమెరా త్రిప్పుతారు? అక్కడ వీధి ఉండేదని, ఆ రాతితొట్టి ఫలానావారి పశువులదని వేలు పెట్టి చూపగలవారు ఇంకను ఉన్నారు. 1981లో ఇరువది యేండ్ల యువకులు నేడు అరువది దాటిన వృద్ధులు. పునాది రాయి ఇంకొక నూరేండ్లు ఉండవచ్చును. దానికి పేరు చెప్పే నోరు అన్నాళ్ళు ఉండదు.

కెమెరా లేకనే ఆ నష్టం జరిగినదందామా? కడప జిల్లా కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు 2020లో గండికోట జలాశయపు నీటిలో మునిగినది. అప్పటికి ప్రతి చేతిలోను ఫోను, ప్రతి ఫోనులోను కెమెరా. బొమ్మలు వచ్చినవి, కాని చాలవరకు అవి మునకకు సంబంధించినవి: గుమ్మంలో నీరు, ట్రాక్టరులో మంచాలు, కన్నీళ్ళు. వార్తకు అవి చాలును. నీరు రాకముందు ఏ అరుగు మీద ఎవరు కూర్చుండేవారో, ఏ చెట్టు క్రింద పంచాయితీ జరిగేదో, బడి వరండా ఎట్లుండేదో ఆ బొమ్మలు చెప్పవు. నష్టపరిహారపు పట్టికలో అంకణాలు, చెట్లు, బావులు లెక్కకు వచ్చును. అరుగు మీది సాయంకాలం లెక్కకు రాదు.

పరిహారమే సరిగా అందనివారికి ఫోటోలెందుకని కొందరు ఆక్షేపిస్తారు. ఆక్షేపణలో న్యాయం ఉన్నది. కూడు ముందు, జ్ఞాపకం తరువాత. అయితే ఈ రెంటిలో ఒకటి ఇస్తే మరొకటి తగ్గే బేరమేమీ కాదు. పరిహారం ప్రభుత్వం ఇయ్యవలసినది. ఊరి బొమ్మను దాచడానికి ఏ ఉత్తరువూ అక్కరలేదు.

కెమెరా పుట్టకముందే ఈ సీమలో ఆ పని జరిగినది. కర్నల్ మెకంజీ మనుషులు దత్తమండలాలలో గ్రామగ్రామానికి తిరిగి, చెరువు ఎవరు త్రవ్వించినారు, గుడి ఎవరు కట్టించినారు అని అడిగి కైఫీయత్తులు వ్రాయించినారు. వాటిలో పుక్కిటి పురాణాలూ ఉన్నవి, పన్నుల లెక్కలూ ఉన్నవి. కడపలో ఉన్న సి. పి. బ్రౌను వాటి విలువ ఎరిగి నకళ్ళు వ్రాయించినాడు. పరదేశపు దొరలు చేయించిన ఆ పనిని పునరావాస కాలనీలలోని బడుల ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయలేరా? పెద్ద పరికరాలు వద్దు. ఇంటింటి ట్రంకుపెట్టెలలోని పెండ్లి ఫోటోలు బయటికి తీయించవలెను. పందిట్లో తీసిన వాటిని భూతద్దంతో చూడవలెను. వధూవరులను వారి బంధువులు చూచుకుంటారు. వారి వెనుకనున్న గోడను, గూటిని, వాకిలిని, దూరాన కనబడే వేపచెట్టును విద్యార్థి చూడవలెను. వెనుకవైపున ఊరి పేరు, వీధి పేరు, సంవత్సరం పెన్సిలుతో వ్రాయవలెను. ఫోనులో ఉన్న బొమ్మకైతే ఈ పని మరింత అవసరం. పేరులేని బొమ్మ ఫోను మారిననాడే పోతుంది.

సంగమేశ్వరానికి పోయే విద్యార్థి బృందం ఒక వృద్ధుని వెంటబెట్టుకుని పోవలెను. ఆయనను శిఖరం దగ్గర కాక, తన ఇంటి పునాది మీద నిలబెట్టి బొమ్మ తీయవలెను. దీనికి గడువు కూడ తక్కువే. వేసవి ముగిసి జూరాల నుండి, సుంకేసుల నుండి వరద దిగగానే నీరు మొదట పునాదుల మీదికి వస్తుంది. గర్భగుడిలో అర్చకుడు ఆ యేటికి చివరి పూజ చేసి వెలుపలికి వస్తాడు. కొద్దిరోజులు శిఖరం మాత్రం కనబడుతుంది.