నిమ్మకాయ నెత్తురు, రొయ్య నెత్తురు

చేతబడి విప్పుతానని వచ్చినవాడు నిమ్మకాయ కోస్తాడు. కత్తి దిగినచోట ఎర్రగా కారుతుంది. "చూశావామ్మా, నెత్తురు!" అంటాడు. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. వాడు కత్తికి ముందే మందారపూల రసమో, మిథైల్ ఆరెంజో పూసి ఆరబెట్టి ఉంటాడు. నిమ్మ పులుపు తగలగానే అది ఎర్రబడుతుంది. పసుపునీళ్లలో సున్నం కలిపి మనం దిష్టి తీసే ఎర్రనీళ్లూ రసాయన మార్పే, కాకపోతే అక్కడ రంగు మార్చేది సున్నంలోని క్షారగుణం.

1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చిన గోరా వృక్షశాస్త్రం చెప్పిన పంతులు. ఆయన తరం నుంచి జనవిజ్ఞాన వేదిక కార్యకర్తల దాకా ఎందరో ఇలాంటి గారడీల గుట్టు విప్పుతూనే వచ్చారు. గారడీ గుట్టు తెలిసింది. దానికి ఊతమిచ్చిన నమ్మకం మాత్రం అలాగే ఉంది: ఎర్రగా ఉన్నదే నెత్తురు, లేనిది కాదు.

అందుకే, నిమ్మకాయలో నెత్తురు చూసిన కళ్లకే రొయ్యలో అది కనపడదు. రొయ్యకూ పీతకూ రక్తమే ఉండదని మన డెల్టాలో చాలామంది గట్టిగా నమ్ముతారు. బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు చెరువులు చేసే రైతునడగండి. తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ప్రాణవాయువు) పడిపోతుందేమోనని రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాడు. నీటిలో ప్రాణవాయువు తగ్గితే రొయ్య పైకి తేలుతుందని ఆయనకు తెలుసు. ఆ వాయువును మొప్పల నుంచి ఒళ్లంతా మోసేది రొయ్య రక్తమే. మన రక్తంలో ఆ పని చేసే హిమోగ్లోబిన్‌లో ఇనుముంటుంది, అందుకే ఎరుపు. రొయ్య, పీతల్లోని హీమోసయనిన్‌లో రాగి ఉంటుంది. ప్రాణవాయువు పట్టుకున్నప్పుడు అది నీలంగా, వదిలేశాక రంగులేకుండా ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు కారే ఆ పలచటి ద్రవాన్ని నీళ్లనుకుని పారబోస్తాం. ఉడికిన రొయ్యకు వచ్చే ఎరుపుతో రక్తానికి సంబంధం లేదు. అది పెంకులోని అస్టాజాంథిన్ అనే వర్ణకం, వేడికి బయటపడుతుంది.

బొద్దింకకు ఈ మోత పనే లేదు. సన్నటి గొట్టాలు గాలిని నేరుగా కణాల దగ్గరికే చేరుస్తాయి, కాబట్టి దాని రక్తానికి రంగు అక్కర్లేదు. దోమను చంపితే చేతికి అంటుకునే ఎరుపు మననుంచి అది తాగిందే. ఎర్ర నెత్తురు పెద్ద జీవులకే సొంతమనుకునేవారు వరిచేలో వానపామును చూడాలి, దానిదీ ఎరుపే. అంటార్కిటికా మంచుచేపకు వెన్నెముక ఉన్నా రక్తానికి రంగు లేదు. అతిచల్లటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది, హిమోగ్లోబిన్ లేకుండానే అది బతికేస్తుంది. న్యూగినీలో ఒక జాతి నలికిరి రక్తం పచ్చన, పైత్యరసంలోని బిలివర్డిన్ వల్ల. ఏ జీవిలోనైనా ఈ రంగులు రసాయనం ఇచ్చినవే. పుణ్యపాపాలకు, మేలుజన్మకు వీటిలో చోటు లేదు.

నిమ్మకాయవాడికంటే నన్ను ఎక్కువ బాధించే నమ్మకం మరొకటుంది, 'చెడు రక్తం'. నల్లగా కనిపిస్తే చాలు, చెడిపోయిందంటారు. పరీక్షకోసం సిరనుంచి తీసే రక్తం ఎవరిదైనా ముదురు ఎరుపే, ఎందుకంటే అది ప్రాణవాయువును ఒంటికి ఇచ్చేసి తిరిగొస్తున్నది. నెలసరిలో పోయేది కూడా గర్భాశయ పొరతో కలిసిన అదే రక్తం, నిదానంగా వస్తే రంగు ముదురుతుంది. దాన్ని మైలన్నాం, ఆడపిల్లను మూలన కూర్చోబెట్టాం. విపరీతంగా పోతున్నా "చెడంతా పోతోంది, మంచిదేలే" అని ఇంట్లో పెద్దవాళ్లే సర్దిచెబుతారు. ఆ పిల్ల ఒంట్లోంచి పోతున్నది చెడు కాదు, ఇనుము. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం, చదువు మీద నిలవని మనసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది.