కొన్నవాడు యజమానియేనా?

తాండూరు నాపరాయిని ఇంట పరపించుకొన్న గృహస్థుని మనుమలును ఆ బండలపైననే నడచుచుందురు. బండ పగిలినచో మేస్త్రి దానిని తీసి వేరొకటి వేయును; అందులకు గని యజమాని యనుమతి యెవ్వరును కోరరు. అదే తాండూరు బజారున 15,000 రూపాయలు చెల్లించి కొన్న మొబైలు ఫోను మూడు నాలుగేండ్లకే వార్ధక్యము నొందుచున్నది. బ్యాటరీ యుబ్బినను మూత సులభముగ ఊడదు, జిగురుతో నంటించియుందురు. అసలైన విడిభాగము బజారులోని మరమ్మతుదారునకు దొరకుట దుర్లభము. "దీనిపై వ్యయము దండుగ, క్రొత్తది కొనుడు" అను ఉపదేశము మాత్రము ఉచితముగ లభించును. ధర మనము చెల్లించితిమి. అధికారము కంపెనీ చేతనే నిలిచినది. దీనిని క్రయమందుమా, కౌలందుమా?

ఫోను విలాసవస్తువు గదా, వలదనువారు కొనకుందురు గాక యని కొందరు వాదింతురు. 1995 జూలై 31వ తేదీన మన దేశమున తొలి మొబైలు సంభాషణ జరిగిననాటికి ఆ వాదము చెల్లును. నేడు బ్యాంకు సొమ్ము కదలవలెనన్నను ఓటీపీ ఫోనునకే రావలెను. తాండూరు కందుల రైతు మార్కెట్టు ధర విచారించుటయు, వికారాబాదు విద్యార్థి పరీక్షాఫలితము చూచుకొనుటయు దానియందే. అవసరమును విలాసమని పిలుచుట కంపెనీలకు లాభకరమే గాని సత్యము గాదు.

మన సంశయము నిరాధారమును గాదు. పాత ఐఫోనుల వేగమును సాఫ్ట్‌వేరు ద్వారా తగ్గించుచున్నట్లు 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ యొప్పుకొనెను. అరిగిన బ్యాటరీలవలన ఫోనులు హఠాత్తుగ ఆగిపోకుండుటకే యట్లు చేసితిమని దాని సమాధానము. కారణ మెట్టిదైనను కొన్నవారికి తెలుపవలదా? తెలుపనందులకే 2020లో ఫ్రాన్సు 2.5 కోట్ల యూరోల జరిమానా విధించెను. ఆండ్రాయిడ్ విషయమున గూగుల్ తన ప్రాబల్యమును దుర్వినియోగపరచెనని 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషను 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధింపగా, 2023 మార్చిలో అప్పిలేటు ట్రిబ్యునలు దానిని ఖాయపరచెను.

ఐరోపా ప్రభుత్వములు జరిమానాలతో ఆగలేదు. 2025 జూన్ 20 మొదలుకొని అచ్చటి విపణికి వచ్చు క్రొత్త ఫోనులకు, ఆ రకము అమ్మకము నిలిపిన పిదపను ఏడేండ్లవరకు ముఖ్యమైన విడిభాగములు సమకూర్పవలెనని శాసించిరి. మరమ్మతున కెంత యనువైనదో పెట్టెపైని చీటీయే కొనువానికి చెప్పవలెను. మన కేంద్రప్రభుత్వము 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించెను. మరమ్మతు సూచిని గూర్చిన వేరొక సంఘము 2025 మే నెలలో నివేదిక సమర్పించెను. నివేదిక శాసనము గాదు. పారిస్ నగరవాసి కిచ్చిన హక్కును తాండూరువాసి కిచ్చుటకు అడ్డమేమి?

శాసనము వచ్చునంతవరకు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ఫిర్యాది తాను నివసించు ప్రాంతపు జిల్లా కమిషనులోనే దావా వేయవచ్చును. కంపెనీ కార్యాలయ మెంత దూరముననున్నను చింతలేదు. 5 లక్షల రూపాయల లోపు వస్తువునకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి గాదు. గడువు రెండేండ్లు. 1915 సంఖ్యకు ఫోనుచేసిన సలహా లభించును. రసీదు పారవేయకుండుట మాత్రము మన విధి.

1905లో స్వదేశీ వ్రతము పూనినవారు వస్త్ర మెచ్చట నేసిరని మాత్రమే యడుగలేదు. మన యవసరములపై పెత్తన మెవ్వరిదని యడిగిరి. పెట్టెపై "మేడ్ ఇన్ ఇండియా" యని యున్నంతమాత్రమున ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్లు గాదు. కావున వికారాబాదు, తాండూరు పఠనమందిరముల సోదరులకు మా మనవి యిది: ప్రకటనలోని సినిమాతారను గాక, ఎదుటనున్న వర్తకుని అడుగుడు. బ్యాటరీ మార్చ వచ్చునా? విడిభాగము లెన్నియేండ్లు దొరకును? సాఫ్ట్‌వేరు ఎన్నాళ్లు ఇత్తురు? జవాబు వ్రాతమూలకముగ రానిచో, చేతిలోని పాత ఫోనునే బాగుచేయించుకొనుడు. పదిమంది కొనక వెనుదిరిగిననాడు వర్తకుడు కంపెనీని ప్రశ్నించును. వేలమంది వెనుదిరిగిననాడు కంపెనీయే జవాబు వెదకుకొనును.